గొట్టానికి అవతలి చివర

వాటం మేస్త్రీకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది ఓటరు జాబితాలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పడిన వాన నీరు ఇంటి గోడల మీదికి రాకుండా బయటికి జారిపోయేలా నేలకి వాలు కుదర్చడాన్ని పనివాళ్లు వాటం పెట్టడం అంటారు. ముప్పై ఏళ్లుగా ఆయన చేసేది అదొక్కటే. గోడ కట్టమంటే కట్టడు, గచ్చు చేయమంటే చేయడు. ఏడాదిలో సగం రోజులు వానలో నానే ఊరు అది. పెరట్లో నీళ్లు నిలవని ఇల్లు వెతికినా దొరకదు కాబట్టి ఆ ఒక్క పనితోనే బండి నడిచిపోయింది.

ఆయనకో పట్టుదల ఉంది. ఎండగా ఉన్నప్పుడు ఎంత బతిమాలినా ఎవరి పెరడూ చూడడు. ఎండలో చూస్తే ప్రతి పెరడూ బుద్ధిగానే ఉంటుందంటాడు. వాన మొదలై జనమంతా తలుపులేసుకుని లోపలికి పోయే వేళకి ఈయన గొడుగు వేసుకుని బయల్దేరతాడు. జేబులో చిన్న సంచి, అందులో వడ్రంగి దగ్గర తెచ్చుకున్న రంపపు పొట్టు. పారే నీళ్ల మీద చిటికెడు జల్లి, అది ఎటు పోతే అటు నడుం వంచి వెంట పోతాడు. పొట్టు ఎక్కడ తచ్చాడిందో, ఎక్కడ సుడి తిరిగిందో, ఎక్కడ చతికిలబడిందో చూసుకుంటాడు. అదేంటి, ఇదేంటి అని ఇంటివాళ్లు అడుగుతూనే ఉంటారు. ఆయన పలకడు.

నిజానికి సగం ఇళ్లలో తవ్వాల్సిన పనే ఉండదు. ఒకరు నీళ్లు పోయే దారికి అడ్డంగా పూలమొక్కలకి గట్టు కట్టుకుంటారు. ఇంకొకరు పైకప్పు నీళ్ల గొట్టం తెచ్చి సరిగ్గా గోడ మొదట్లో వదులుతారు, ఆ తర్వాత గోడ చెమ్మగిల్లిందని ఏడుస్తారు. మేస్త్రీ ఆ గట్టుకి జానెడు సందు కొట్టి, ఆ గొట్టానికి ఓ మోచేతి వంపు తగిలించి వచ్చేసేవాడు. అరపూటలో పని అయిపోయిందని సంతోషించాల్సింది పోయి, తవ్వకుండానే వెళ్లిపోయాడేంటని జనం సణిగేవాళ్లు. మనుషులకి కళ్ల ముందు ఓ గొయ్యి కనపడితే గానీ పని జరిగినట్టు ఉండదు మరి.

తవ్వక తప్పని చోట మాత్రం గొట్టం చుట్ట భుజాన వేసుకుని వెళ్లేవాడు. బొటనవేలంత లావు, ఇరవై గజాల పొడవున్న ప్లాస్టిక్ గొట్టం. అద్దంలా లోపలంతా కనిపిస్తుంది. అందులో నీళ్లు పోసి రెండు చివర్లూ ఇద్దరు పట్టుకుంటే, మధ్యలో నేల ఎత్తున్నా పల్లమున్నా సరే, రెండు చివర్లలోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలబడతాయి. రెండు చోట్లా గోడ మీద సుద్దగీత గీసి, గీత నుంచి నేలదాకా కొలిస్తే ఏ వైపు ఎంత పల్లమో తేలిపోతుంది. మరి దానికి ఇద్దరు కావాలి కదా. ఒకడు మేస్త్రీ. రెండో మనిషి ఆయన పెళ్లాం.

పెళ్లయిన రెండో నెలలోనే గొట్టం చివర ఆవిడ చేతికిచ్చాడు. కొత్త పెళ్లాం చేతికి ఎవరైనా ఓ కొత్త చీరో ఏదో ఇస్తారు, ఈ మహానుభావుడు నీళ్ల గొట్టం ఇచ్చాడని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన ఇంటి గోడ దగ్గర, ఆవిడ కాలువ దగ్గర. ఇంట్లో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి, గొట్టం పట్టుకుంటే మాత్రం గొంతు పెంచేవాడు. పెంచు, దించు, అటు జరుగు, నిలకడగా పట్టుకో, ఆగిందా? ఆగింది అని అవతలినుంచి ఆవిడ. ఊఁ, గీసెయ్. ఇరవై గజాల దూరంలో నిలబడి ఆ ఇద్దరూ పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా అలా అరుచుకునేవాళ్లు. ఇంటికొస్తే మళ్లీ చడీచప్పుడు ఉండదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఈ ఏడాది వానలతోనే తలనొప్పి మొదలైంది.

మొదట బట్టల కొట్టాయన కబురు పెట్టాడు. మేస్త్రీ వేసిన కాలువలో నీళ్లు బయటికి పోవడం మానేసి లోపలికి వస్తున్నాయట. ఆయన నమ్మలేదు. వెళ్లి పొట్టు జల్లాడు. పొట్టు కాసేపు అక్కడే తిరుగాడి, తాపీగా ఇంటి మెట్ల వైపు వచ్చింది. మేస్త్రీ ముక్కు మీద వేలేసుకున్నాడు. మట్టి కుంగి ఉంటుందిలే అనుకుని సర్దేశాడు. పది రోజులు తిరక్కుండా లారీ డ్రైవరు ఇంట్లోనూ అదే వరస. అక్కడ మట్టి కాదు, రాతి నేల. రాయి ఎలా కుంగుతుందో ఆయనకి అర్థం కాలేదు.

మూడోది టీచరమ్మ ఇల్లు. అది మరీ అన్యాయం. ఆవిడ తల్లి రెండేళ్లుగా మంచం మీదే ఉంది. వెనక గదిలో కిటికీ పక్కన మంచం. గట్టి వాన పడితే నీళ్లు గడప దాటి ఆ మంచం కోళ్లదాకా వస్తాయి. మేస్త్రీ వెనక గది నుంచి పక్క సందు వెంబడి వీధి కాలువ దాకా కొలిచి, తవ్వి, చిల్లుల గొట్టం పరిచి, చుట్టూ కంకర పోసి, నాలుగు రోజులు నడుం విరిగేలా చేశాడు. మొదటి వానకే నీళ్లు గదిలోకి వచ్చాయి. పని పాడైందంటే ఒప్పుకోవచ్చు. కానీ ఇదివరకు మంచం కోళ్లదాకానే వచ్చేవి కాస్తా ఇప్పుడు మంచం దాటి వెళ్లాయి.

మేస్త్రీ తల పట్టుకున్నాడు. గొట్టంలో గాలి బుడగ చిక్కి ఉంటుందనుకుని కొత్త గొట్టం కొన్నాడు. దాన్ని తలకిందులు చేసి, కొట్టి, దులిపి, బుడగనేది లేకుండా చేసి మళ్లీ కొలిచాడు. కొలత ప్రకారం కాలువ వైపు బెత్తెడు పల్లం ఉంది. ఉన్న పల్లాన్ని బట్టే తవ్వాడు. మరి నీళ్లకి ఏం రోగం? ఎండ్రకాయలు బొరియలు తవ్వాయేమోనని కంకర పెళ్లగించి చూశాడు. వీధిలో రోడ్డు ఎత్తు పెంచారేమోనని మున్సిపాలిటీ మనిషిని పట్టుకుని విసిగించాడు. ఆ మనిషి ఈ రోడ్డు ముట్టుకుని ఆరేళ్లయింది వెళ్లవయ్యా అన్నాడు.

ఇక మిగిలింది తన బుర్రే. ఒకరోజు ఎవరూ లేనప్పుడు సొంత వంటింట్లో గ్లాసెడు నీళ్లు నేల మీద ఒలకబోసి, అవి ఎటు పోతాయో తను ముందే అనుకుని, తర్వాత చూశాడు. అనుకున్నట్టే తలుపు వైపు పోయాయి. బుర్ర బాగానే ఉందన్నమాట. అంతలో పెళ్లాం లోపలికొచ్చి, ఆ నీళ్లలో కాలేసి జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. ఇన్ని నీళ్లు కనపడట్లేదా అని కసిరాడు. ఇంటి మధ్యలో నీళ్లు పోసుకుని కూర్చునే మగాడు ఉంటాడని తను మాత్రం అనుకుందా అని ఆవిడా అంతే గట్టిగా అంది. మేస్త్రీ గుడ్డతో నేల తుడుచుకున్నాడు.

రెండోసారి తవ్విన కాలువ కూడా టీచరమ్మ ఇంట్లో పనిచేయలేదు. ఆవిడ మంచి మనిషి, ఒక్క మాట తూలలేదు. అమ్మకి ఛాతీలో చెమ్మ చేరిందని డాక్టరు చెప్పాడని, ఇంకోసారి గదిలోకి నీళ్లొస్తే ఆవిడని తమ్ముడి ఇంటికి పంపెయ్యక తప్పదని, అమ్మకేమో ఆ మాటెత్తితేనే కళ్లనీళ్లు తిరుగుతున్నాయని నెమ్మదిగా చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది. మేస్త్రీ మొహం చెల్లక కాళ్ల వైపే చూస్తూ నిలబడి, ఆఖరుగా ఒక్క అవకాశం ఇమ్మన్నాడు.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, చాలా రోజుల తర్వాత ఇంట్లో ఓ పూర్తి వాక్యం మాట్లాడాడు. "ఈసారీ తప్పితే గొట్టం అమ్మేస్తా. ఇక నా వల్ల కాదు."

పెళ్లాం కంచం ముందు నుంచి లేచి చేయి కడుక్కుంది. సగం అన్నం అలాగే ఉంది. ఆకలి లేదేమో అనుకున్నాడు. ఆడవాళ్ల మనసులో ఏముందో కనిపెట్టే పొట్టు ఎవరూ కనిపెట్టలేదు కదా.

మర్నాడు వాన తెరిపిచ్చింది. పొద్దున్నే ఇద్దరూ టీచరమ్మ ఇంటికి వెళ్లారు. ఆవిడ బడికి పోయింది. పెద్దావిడ ఎప్పట్లాగే కిటికీ పక్కన మంచం మీద, కమ్మీల లోంచి సందు వైపు చూస్తూ ఉంది. మేస్త్రీ ఆ కిటికీ కిందే గోడకి గొట్టం ఆనించి నిలబడ్డాడు. పెళ్లాం రెండో చివర పట్టుకుని సందు వెంబడి నడుచుకుంటూ కాలువ దగ్గరికి వెళ్లింది. మధ్యలో ఓ చేత్తో గోడ తడుముకుంటూ వెళ్లింది, నేల బురదగా ఉంది కాబట్టి జారుతుందేమోననుకున్నాడు. మళ్లీ అదే పాట. పెంచు, దించు, ఆగిందా. ఆగింది. ఊఁ, గీసెయ్.

"నాయనా," అంది కిటికీలోంచి పెద్దావిడ, గొంతు తగ్గించి. "ఓ మాట చెప్తాను, ఏమీ అనుకోకు. మూడుసార్లుగా చూస్తున్నా. మీ ఆవిడ గొట్టం వంక చూడ్డం లేదు. నువ్వు ఊఁ అనగానే చేతికందిన చోట గీసేస్తోంది."

మేస్త్రీకి ముందు కోపమొచ్చింది. మంచం మీద పడుకుని ఉన్న మనిషికి ఈ పని గురించి ఏం తెలుసు? ముప్పై ఏళ్లుగా గొట్టం పట్టిన చెయ్యి అది. కానీ గొట్టాన్ని అదే ఎత్తున గోడకున్న మేకుకి తగిలించి సందులోకి నడిచాడు. పెళ్లాం అలికిడి విని తలెత్తింది. గొట్టం గోడకే ఆనించి కదలకుండా పట్టుకుని ఉంది, పట్టులో ఏ లోటూ లేదు. నీళ్లు ఆగిన చోటు ఒకటి. సుద్దగీత ఇంకొకటి. గీత నీళ్లకి బెత్తెడు పైనుంది.

బెత్తెడు. ఆయన చూసుకుంటూ వస్తున్న పల్లం అంతా ఆ బెత్తెడే. గీత పైకి పోతే నేలదాకా కొలత పెరుగుతుంది, పెరిగిన కొలత పల్లంలా కనపడుతుంది. అంటే నేలకి పల్లమే లేదు, ఉందనుకుని తవ్వుకుంటూ పోయాడు. వాలు బాగా ఉన్న పెరళ్లలో బెత్తెడు తేడా ఎవరికీ తెలిసేది కాదు. చదునుగా ఉన్న ఆ మూడిళ్లలో దొరికిపోయింది.

"ఇదేంటి?" అన్నాడు.

ఆవిడ ఆయన కళ్లలోకి కాకుండా, గొంతు వినపడిన వైపు చూసింది. "నాకు గొట్టంలో నీళ్లు కనపడి ఏడాదైంది," అంది. "గోడ కనపడుతుంది. నువ్వు ఉన్నావని తెలుస్తుంది. నీళ్లు మాత్రం తెలియడం లేదు."

ఆయన ఒక్కసారిగా అందుకున్నాడు. మూడిళ్లు పాడయ్యాయని, కొత్త గొట్టం కొన్నానని, నా బుర్ర చెడిందని వంటింట్లో నీళ్లు పోసుకుని కూర్చున్నానని, ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేదని అడిగాడు. అడుగుతున్నకొద్దీ గొంతు పెరిగింది. కిటికీలోంచి పెద్దావిడ మెల్లిగా దగ్గింది.

"చెబితే ఇంట్లో కూర్చోమంటావు," అంది ఆవిడ. "ఈ చివర ఇంకెవరికో ఇస్తావు. ఇంట్లో నువ్వు నాతో ఏం మాట్లాడతావయ్యా? పొద్దున పోతూ తలుపేసుకో అంటావు, సాయంత్రం వచ్చి అన్నం పెట్టు అంటావు. ముప్పై ఏళ్లలో నువ్వు నాతో మాట్లాడిందంతా ఈ గొట్టం అవతలి చివర నుంచే. పెంచు, దించు, ఆగిందా. అదీ లేకపోతే నేనేం వినాలి?"

మేస్త్రీ కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు. సిగ్గేసింది. కొలవడానికి ఏమీ లేకపోతే ఈ మనిషితో ఏం మాట్లాడాలో తనకి ఎన్నడూ తెలియలేదన్న సంగతి, పక్క సందులో, బురదలో నిలబడి ఉండగా, మొదటిసారి తట్టింది. అదేమీ తెలియకుండానే తను రోజూ పనికి ఆవిడని రమ్మన్నాడు, ఆవిడ రోజూ వచ్చింది. ఓదార్పు మాట ఒకటైనా అందామని చూశాడు. ఒక్కటీ దొరకలేదు. సుద్దగీతని బొటనవేలితో చెరిపాడు.

దారి ఆవిడే చెప్పింది. చూపు లేకపోతే పోయింది, వేలుంది కదా అంది. ఇంటి గోడ దగ్గర తను ఉంటుందట. గొట్టం మూతి మేకు దగ్గర కదలకుండా పట్టుకుని, మూతి అంచు మీద వేలు ఆనించి ఉంచుతుందట. ఆయన కాలువ దగ్గర తన చివర నెమ్మదిగా పైకెత్తుతూ పోతే, నీళ్లు ఇవతల మూతిదాకా వచ్చి వేలికి తగులుతాయి. తగిలిన క్షణం చెబుతుంది. అప్పుడు ఆయన చివర నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో ఆయనే గీసుకోవచ్చు. మేస్త్రీ మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. ఇంత కాలం ఇది తనకెందుకు తోచలేదో అర్థం కాలేదు.

ఆ రోజు వాళ్లు చివర్లు మార్చుకున్నారు. ఆయన సందు చివర నిలబడి వెంట్రుక వాసి చొప్పున గొట్టం ఎత్తుతూ పోయాడు, ఆవిడ కిటికీ కింద గోడకి తల ఆనించి, ఒళ్లంతా వేలు కొసకి తెచ్చుకుని నిలబడింది. తగిలింది అంది. ఆయన గీశాడు, కొలిచాడు. నేల కాలువ వైపు పల్లంగా ఉండడం మాట అటుంచి, రెండు వేళ్లు ఎత్తుగా ఉంది. వీధి కాలువ మాత్రం కావలసినంత లోతుంది. అంటే పాత తవ్వకమంతా పక్కన పడేసి, ఇంటి దగ్గర తక్కువగా, పోనుపోనూ లోతుగా మళ్లీ తవ్వాలి. ఐదు రోజులు పట్టింది. మధ్యలో ఒక పూట పని ఆపి ఆవిడని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని, ఆపరేషను చేస్తే చూపు వస్తుందని, వంతు రావడానికి రెండు నెలలు పడుతుందని డాక్టరు చెప్పాడు. బట్టల కొట్టాయనకీ, డ్రైవరుకీ వాళ్ల ఇళ్లకే వెళ్లి, కొలత నేను తప్పాను, మళ్లీ చేస్తానని చెప్పాడు. టీచరమ్మకీ అదే చెప్పాడు. పెద్దావిడ కిటికీలోంచి విని ఊరుకుంది.

వాన పడితే గానీ పని తేలదు. కంకర పోసిన మూడో రోజు, పదింటికి, ఆకాశం నల్లబడి కుండపోతగా అందుకుంది. మేస్త్రీ గొడుగు తీశాడు. ఎప్పుడూ వానలో ఒంటరిగానే తిరిగేవాడు. ఈసారి వాకిట్లో నిలబడి, వస్తావా అన్నాడు. ఆవిడ చెప్పులేసుకుంది.

టీచరమ్మ ఇంటి చూరు కింద ఇద్దరూ నిలబడ్డారు. కిటికీలో పెద్దావిడ రెండు చేతులతో కమ్మీలు పట్టుకుని ఉంది. పెరట్లో నీళ్లు అప్పుడే గడపకి రెండు జానల దూరంలో చేరి, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు నిలబడ్డాయి. మేస్త్రీ చిటికెడు పొట్టు జల్లాడు. పొట్టు కదలలేదు. ఒక నిమిషం. ఇంకో నిమిషం. అలవాటుగా ఆయన నోరు బిగించుకునే ఉన్నాడు.

"నాకేం తెలుస్తుంది," అంది ఆవిడ. "చెప్పవేం?"

"నిలబడి ఉంది."

"ఎక్కడ?"

"గడప ముందు. ఆఁ... కదిలింది." ఆయన వంగాడు. "సందు వైపు తిరిగింది. లేదు, ఆగింది, ఎండుటాకు అడ్డమొచ్చింది. ఆకూ కదిలింది. రెండూ కలిసి పోతున్నాయి."

చెబుతూ పొట్టు వెంట నడిచాడు. ఆవిడ ఆయన చొక్కా అంచు పట్టుకుని వెనకాలే నడిచింది. ఇప్పుడు కంకర మీదికి వచ్చింది, ఇప్పుడు మూల తిరిగింది, ఇక్కడ కాస్త నెమ్మదించింది, మళ్లీ అందుకుంది అని ఆయన చెబుతూ పోయాడు. సందు చివర నీళ్లు ధారగా వీధి కాలువలో దూకాయి. దూకుతున్నాయని చెప్పాడు. వెనక కిటికీలోంచి పెద్దావిడ, గడప దగ్గర నేల కనపడుతోంది నాయనా అని చెప్పింది. ఆ గొంతులో ఏడుపుందో నవ్వుందో మేస్త్రీకి తెలియలేదు.

పని కుదిరింది. మామూలుగా అయితే ఇక గొడుగు మడిచి ఇంటికి నడిచేవాడు. ఈసారి కాళ్లు కదలలేదు. ఆవిడ ఇంకా చొక్కా పట్టుకునే ఉంది, తర్వాత ఏమైందోనని మొహం ఆయన వైపు తిప్పి ఎదురుచూస్తోంది. చెప్పడానికి ఇక నీళ్లు లేవు. ఏం చెప్పాలో తోచక ఆయన అటూ ఇటూ చూశాడు.

"ఎదురింటి గోడ మీద ఓ పిల్లి ఉంది," అన్నాడు చివరికి. "తడిసి ముద్దయింది. ఒక కాలు ఎత్తి దులుపుకుంటోంది."

"ఏ రంగు?"

"బూడిద రంగు. తోక చివర మాత్రం తెలుపు. అవతలింటి వాళ్లు దండెం మీద బట్టలు తీయడం మర్చిపోయారు. నీలం దుప్పటి ఒకటి, నీళ్లు పట్టి కిందికి సాగిపోతోంది."

ఆవిడ ఊఁ కొట్టింది. ఇంకా ఏముందా అని ఆయన వీధి చివరిదాకా చూశాడు.